నాలుగు ఊళ్ళ వాళ్ళు, ఒకే వంటగది: విశాఖలో షేరింగ్ ఇంటి లెక్క నడిపే పద్ధతి

మద్దిలపాలెం, ఎంవీపీ కాలనీ, గాజువాక, మధురవాడ. వీటిలో ఎక్కడైనా నలుగురు కుర్రాళ్ళు కలిసి రెండు బెడ్‌రూముల వాటా తీసుకున్నారంటే నలుగురిదీ ఒకే జిల్లా కావడం అరుదు. ఒకరిది శ్రీకాకుళం, ఒకరిది కాకినాడ, ఒకరిది గుంటూరు, ఇంకొకరు బరంపురం నుంచి వచ్చిన తెలుగువాడు. మొదటి నెల బాగానే గడుస్తుంది. రెండో నెల పదో తారీఖుకి నూనె ప్యాకెట్ దగ్గర గొడవ మొదలవుతుంది. "మీ సిక్కోలోళ్ళు ఎంగిలి చేత్తో కాకిని తోలరు గురూ." "మీ గోదారోళ్ళకేం, మర్యాదలకి పొలాలు కరగబెట్టేస్తారు." "గుంటూరోడి జేబులో పది ఉంటే వంద ఉన్నట్టు నడుస్తాడు." నవ్వుతూనే అంటారు. మూడో నెలకి నవ్వు పోయి మాట మాత్రం మిగులుతుంది.

దీనికి మందు పద్దు పుస్తకం. ఒకరికొకరు నీతులు చెప్పుకున్నందువల్ల ఇది తగ్గదు. మనిషి చేయి బిగువో వదులో తెలియాలంటే అతని ఊరి పేరు అడిగి లాభం లేదు. డబ్బు ఏ తారీఖున చేతికొస్తుందో, వచ్చిన మర్నాడు అందులో ఎంత ఎక్కడికి వెళ్ళిపోతుందో చూడాలి. ఆ రెండూ కాగితం మీదికి వస్తే జిల్లా పేరెత్తాల్సిన అవసరం ముప్పాతిక వంతు పోతుంది.

ఇంట్లో దిగే ముందు: తారీఖుల కాగితం

తాళాలు తీసుకున్న రోజే ఒక కాగితం మీద తలో మూడు తారీఖులు రాయాలి: జీతం పడే రోజు, ఇంటికి డబ్బు పంపే రోజు, ఈఎంఐ కట్టే రోజు. జీతం ఎంతో రాయక్కర్లేదు, అడగకూడదు కూడా. తారీఖులు చాలు.

కాగితం నిండాక చూడండి. ఐటీ కంపెనీలో చేసేవాడికి నెలాఖరున పడుతుంది. కాంట్రాక్టర్ దగ్గర వెల్డింగ్ చేసేవాడికి పదో తారీఖు, ఒక్కోసారి పన్నెండు. బైక్ మీద డెలివరీలు చేసేవాడికి వారం వారం. పోటీ పరీక్షలకి చదువుకునేవాడికి ఇంటి నుంచి ఐదున వస్తుంది. అద్దె ఐదో తారీఖున కట్టాలంటే పదిన జీతం వచ్చేవాడు ప్రతి నెలా మొదటి పది రోజులూ పిసినారిలా కనిపిస్తాడు. పదకొండున అందరికీ టీ ఇప్పించినా అది ఎవరికీ గుర్తుండదు.

దీనికి చేయాల్సింది ముందు జమ. ఇంటి అడ్వాన్స్ కాక, తలో 2,500 ఉమ్మడి డబ్బాలో పడాలి. నలుగురికి 10,000. నెల మొదట్లో వచ్చే కరెంటు, గ్యాస్, బియ్యం దీంట్లోంచే. డబ్బా 2,500కి దిగగానే మళ్ళీ తలో వాటా నింపాలి. సున్నాకి వచ్చేదాకా ఆగితే ఆ రోజు జేబులో డబ్బున్నవాడి మీదే భారం పడుతుంది, పాత మాటలు మళ్ళీ మొదలవుతాయి. ఒకేసారి 2,500 ఇవ్వలేనంటే రెండు నెలల్లో ఇవ్వనివ్వండి. దానికి మాత్రం తారీఖు రాసుకోవాలి.

ఈ తారీఖుల సంగతి ఇవాళ్టిది కాదు. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855లో. ఆ కాలువల కింద పంట డబ్బు ఏడాదికి ఒకటి రెండుసార్లు మూటగా చేతికొచ్చింది. మూటగా వచ్చినప్పుడే పెళ్ళి, బంగారం, బంధువులకి బట్టలు. మధ్యలో నెలలన్నీ కొట్లో ఖాతా. చూసేవాళ్ళ కంట పడేది మాత్రం ఆ పెళ్ళి ఖర్చే. శ్రీకాకుళం వైపు వంశధార, నాగావళి చిన్న నదులు. వాటి పక్క ఊళ్ళలో చాలామందికి వానే ఆధారం, చాలక వలస. ఒకప్పుడు రంగూన్, ఇప్పుడు విశాఖ, హైదరాబాద్, చెన్నై. వలస మనిషి డబ్బు ముందు మనియార్డర్ అయ్యేది, ఇప్పుడు ఫోన్‌లో పోతోంది. మిగిలినదే అతని ఖర్చు. రూమ్‌మేట్‌కి ఆ మిగులే కనిపిస్తుంది, పంపింది కనిపించదు. ఇక విశాఖలోనే పుట్టిపెరిగినవాళ్ళది మూడో రకం. 1933లో ఓడరేవు, తర్వాత షిప్‌యార్డ్, నేవీ, ఉక్కు ఫ్యాక్టరీ. ఇంట్లో మూడు తరాలుగా ఒకటో తారీఖు జీతం, క్వార్టర్, పీఎఫ్. తాతది ఏ జిల్లా అయినా సరే, క్వార్టర్స్‌లో పెరిగినవాడి లెక్క వేరుగా ఉంటుంది.

ఉమ్మడి ఏది, సొంతం ఏది

గొడవలన్నీ ఈ గీత దగ్గరే. గీత ఎక్కడ గీసినా ఫర్వాలేదు, మొదటి రోజే గీయాలి.

ఉమ్మడిలో ఉండాల్సినవి: అద్దె, మెయింటెనెన్స్, కరెంటు, ఇంటర్నెట్, గ్యాస్, 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు, బియ్యం, కందిపప్పు, నూనె, ఉప్పు, కారం, చింతపండు, పోపు సామాన్లు, పాలు, గిన్నెల సబ్బు, చీపురు, చెత్త కవర్లు. సొంతంలో: నెయ్యి, బిస్కెట్లు, గుడ్లు, పళ్ళు, ఊరి నుంచి వచ్చిన పచ్చళ్ళు, ఏసీ. నెయ్యి ఎందుకు సొంతమంటే ఒకడు వేడన్నంలో గరిటెడు వేసుకుంటాడు, ఇంకొకడు నెలకి రెండుసార్లు ముట్టుకుంటాడు. అందరి డబ్బుతో కొంటే మొదటివాడు దుబారా, రెండోవాడు లోభి అవుతారు. ఎవడి సీసా వాడిదైతే ఇద్దరూ మామూలు మనుషులే. పచ్చళ్ళ సంగతి వేరు. ఊరి నుంచి వచ్చిన జాడీని పుస్తకంలో సొంతం అని రాసినా అది మొదటి వారంలోనే ఉమ్మడి అయిపోతుంది. దాన్ని ఆపబోకండి.

కొలతలు. పెద్దమనిషికి పూటకి 150 గ్రాముల బియ్యం. నలుగురికి రెండు పూటలా 30 రోజులకి 36 కిలోలు కావాలి. నిజానికి అంత పట్టదు. ఆదివారం బయట తినడం, ఊరెళ్ళడం, నైట్ షిఫ్టులో క్యాంటీన్ భోజనం తీసేస్తే 26 కిలోల బస్తా ఒకటి సరిపోతుంది. కందిపప్పు 4 కిలోలు, నూనె 4 లీటర్లు, చింతపండు ముప్పావు కిలో, కారం అరకిలో, పాలు రోజుకి లీటరు. గుంటూరు చేతి కారం పడితే అరకిలో మూడు వారాలకే అయిపోతుంది. ఉత్తరాంధ్ర చేయి పడితే పులుసులోకి అనకాపల్లి బెల్లం ఒక అచ్చు అదనం. వంట ఎవరిది అన్నదాన్ని బట్టి మారే ఖర్చు ఇది. తిండి రుచికి పొదుపుకి ముడిపెట్టకండి.

26 కిలోల బస్తా ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుగా. 2022 జూలైలో, 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడింది. వెంటనే 25 కిలోల బస్తాలు 26 కిలోలయ్యాయి. పైసలు లెక్కపెట్టడంలో ఫలానా ఊరే గొప్ప అనేవాళ్ళకి ఆ బస్తా చూపించండి.

చవకగా వస్తుందని మూడు నెలల సరుకు ఒకేసారి కొనడం విశాఖలో తప్పు. సముద్రపు గాలికి జూన్ నుంచి నవంబరు దాకా అన్నీ తేమ పట్టేస్తాయి. బియ్యంలో ముక్కపురుగు, పప్పులో పురుగు, ఉప్పు నీరుగారడం మామూలే. రెండో బస్తా పారబోస్తే మొదటి బస్తాలో ఆదా అయిన డబ్బంతా పోయినట్టే. నెల సరుకే తేవాలి. బియ్యం గట్టి మూతున్న డ్రమ్ములో పోసి ఎండిన వేపాకు వేయాలి. ఉప్పు డబ్బాలో పది పన్నెండు బియ్యపు గింజలు వేస్తే తేమ పీలుస్తాయి. పప్పుని నెలకోసారి డాబా మీద ఎండబెట్టాలి, ఓనర్ గారికి చెప్పి.

పుస్తకం, చిల్లర డబ్బా

ఫోన్ యాప్‌లు ఉన్నాయి, బాగానే పనిచేస్తాయి. అయినా వంటగది తలుపు పక్కన మేకుకి దారం కట్టి వేలాడదీసిన 200 పేజీల లాంగ్ నోట్‌బుక్కే మేలు. యాప్‌లో అంకె తెరిచి చూసినవాడికే కనిపిస్తుంది. పుస్తకంలోది అన్నం వార్చుకునే ప్రతివాడి కంటా పడుతుంది. పెన్ను కూడా దారానికి కట్టండి, లేకపోతే మూడో రోజుకి ఉండదు.

ఐదు గడులు: తారీఖు, వస్తువు, కొలత, రూపాయలు, తెచ్చినవాడి పేరు. కొలత గడి మానేయకూడదు. "నూనె 300" అని రాస్తే ఏమీ తెలియదు. "నూనె 2 లీ., 300" అని రాస్తే రేటు ఎక్కువా తక్కువా అన్నది తెలుస్తుంది, ఖరీదైన కొట్లో తెచ్చావని సాగదీసే మాట ఉండదు. పేరు గడిలో పేరే రాయాలి. "సిక్కోలు", "గోదారి" అని ముద్దుపేర్లు రాసిన పుస్తకాల్లోనే ఎక్కువ తగాదాలు వచ్చేది, ఎందుకంటే నెలాఖరున ఆ గడి కింద కూడిక ఒక జిల్లా మొత్తం మీద వేసిన తీర్పులా కనిపిస్తుంది.

20 రూపాయల లోపు ఖర్చులు రాయొద్దని చాలామంది నియమం పెట్టుకుంటారు. అక్కడే ఒక మనిషికి అన్యాయం జరుగుతుంది. కింద అంతస్తు కొట్టుకి రోజూ దిగేవాడు ఒకడే ఉంటాడు. కరివేపాకు, అల్లం, అగ్గిపెట్టె, రోజుకి 15 చొప్పున 25 రోజులకి 375. నెలంతా ఇచ్చి, ఒకరోజు నోరు తెరిచి అడిగితే "పది రూపాయలకి లెక్కేంటి గురూ, మీ ఊరోళ్ళంతా ఇంతేనా" అనిపించుకుంటాడు. అందుకని పాత హార్లిక్స్ సీసాలో పదులూ ఇరవైలూ కలిపి 400 వేసి పొయ్యి పక్కన పెట్టండి. కిందికి దిగేవాడు అందులోంచి తీసుకుంటాడు, మిగిలిన చిల్లర అందులోనే వేస్తాడు. ఖాళీ అయ్యాక నింపిన రోజు మాత్రం పుస్తకంలో ఒక్క పద్దు.

పూట లెక్క

తిండి ఖర్చుని నాలుగుతో భాగిస్తే ఇంట్లో తక్కువగా తినేవాడు ఎక్కువ ఇస్తాడు. పాత మెస్సుల్లో వాడే పూట లెక్కే దీనికి సరైనది. గోడకి తెలుగు క్యాలెండర్ ఉంటుంది కదా, తిథి, వర్జ్యం, రాహుకాలం ఉన్న పెద్ద గళ్ళది. ప్రతి గడిలో అంచున కాస్త ఖాళీ ఉంటుంది. నలుగురూ తలో అక్షరం (అ, ఆ, ఇ, ఈ) పెట్టుకుని, తిన్నవాడు తన అక్షరం పక్కన పగటికి చుక్క, రాత్రికి గీత పెట్టాలి. అప్పటికప్పుడే పెట్టాలి. వారం తర్వాత గుర్తుతెచ్చుకుని పెట్టేవాటిని ఒప్పుకోకూడదు. రాత్రి భోజనానికి రానని సాయంత్రం ఆరులోపు చెప్పకపోతే తినకపోయినా గీత పడుతుంది, ఎందుకంటే బియ్యం అప్పటికే పొయ్యి మీద ఉంటాయి.

నెలాఖరు లెక్క ఇలా. గ్యాస్, ఉప్పు, సబ్బు, పాలు సమానంగా నాలుగు వంతులు. మిగిలిన తిండి సరుకు 9,600 అయిందనుకుందాం. పూటలు: అ 52, ఆ 48, ఇ 40, ఈ 20. మొత్తం 160. పూటకి 60 రూపాయలు. అ వాటా 3,120, ఆ 2,880, ఇ 2,400, ఈ 1,200. నాలుగూ కూడితే 9,600 రావాలి. రాకపోతే క్యాలెండర్‌లో ఒక గడి తప్పిందన్నమాట, వెతకండి.

చుట్టాల పూటలు ఎవరి చుట్టాలైతే వాళ్ళ ఖాతాలో. మొదటి రెండు పూటలు ఇంటి మర్యాద, లెక్కలేదు. మూడో పూట నుంచి గీత పడుతుంది. ఇక్కడ ఒకటి గమనించాలి. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఊళ్ళ నుంచి ఇక్కడి సర్కారు ఆసుపత్రి కేజీహెచ్‌కి చూపించుకోవడానికి వచ్చే బంధువులు పట్నంలో ఉన్న తమవాడి గదికే వస్తారు. చిన్నాన్న కంటి ఆపరేషన్, పెద్దమ్మ స్కానింగ్, వాళ్ళతో తోడొచ్చినవాళ్ళు. కాబట్టి "పిల్లికి బిచ్చం పెట్టడు" అని పేరుపడ్డవాడి అక్షరం పక్కనే చుట్టాల గీతలు అందరికంటే ఎక్కువ పడటం మామూలే. గీతలు క్యాలెండర్ మీద ఉంటే ఎవరూ చెప్పకుండానే అది కనిపిస్తుంది. ఆసుపత్రి పని మీద వచ్చినవాళ్ళకి లెక్క వేయకూడదని నలుగురూ అనుకుంటే అలాగే రాసుకోండి. అప్పుడది అందరికీ వర్తించాలి, తూర్పు నుంచి వచ్చినా పడమర నుంచి వచ్చినా.

కూరగాయలు, నీసు

రైతు బజార్లు 1999లో మొదలయ్యాయి. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార బజార్లలో రేట్ల బోర్డు ఉంటుంది, బేరం ఆడక్కర్లేదు. అక్కడికి ఎవరిని పంపినా ఒకటే. పూర్ణా మార్కెట్‌లో అడగడం తెలియాలి. ఫిషింగ్ హార్బర్‌లో అయితే ఇంకా తెలియాలి. బేరం చేసేవాణ్ణి గీచిగీచి కొంటాడని ఆడిపోసుకోవడం, ఆ తగ్గిన డబ్బుతో వచ్చిన కోనాం చేప ముక్కలు తినడం ఒకే నోటితో చేయకండి.

హార్బర్‌కి పొద్దున్నే వెళ్ళాలి. చేప బరువు వేరు, కూరలో పడే ముక్కల బరువు వేరు. తల, పొట్ట, రెక్కలు తీసేశాక కిలోకి ముప్పావు కంటే తక్కువే మిగులుతుంది. నలుగురికి కిలోముప్పావు నుంచి రెండు కిలోల చేప తీసుకోవాలి. శుభ్రం చేసినందుకు విడిగా ఇవ్వాలి, దాన్ని కూడా పద్దులో వేయాలి. చాలామంది వేయరు, వెళ్ళినవాడు నష్టపోతాడు. నీసు ఖర్చు తినేవాళ్ళ మధ్యే. ఆ రోజు పప్పుచారుతో తినేవాడికి మామూలు పూట లెక్క, నీసు వాటా లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. ఆ 61 రోజులూ చేపల ధర ఎక్కువే ఉంటుంది. ఆ రెండు నెలల్లో నీసు ఖర్చు పెరిగిందని తెచ్చినవాణ్ణి అనుమానించేముందు క్యాలెండర్ చూడండి.

కరెంటు: ఒక గదిలో ఏసీ

అన్నిటికంటే ఎక్కువమంది తప్పుచేసేది ఇక్కడ. ఫ్యాన్ 75 వాట్లు, పది గంటలకి ముప్పావు యూనిట్. రెండు కిలోవాట్ల గీజర్ పావుగంటకి అర యూనిట్. ఇవి లెక్కపెట్టుకోవాల్సినవి కావు. ఏసీ అలా కాదు. టన్నున్నర ఏసీ గంటకి దాదాపు యూనిట్ తాగుతుంది, పాతదైతే ఇంకా ఎక్కువ. రాత్రికి ఎనిమిది గంటలు, నెలకి 240 యూనిట్లు. విశాఖలో ఎండకంటే ఉక్క ఎక్కువ. గాలిలో తేమ తీయడానికే మిషన్ చాలా శ్రమపడుతుంది. కిటికీ సందులుంటే తెల్లారేదాకా ఆగకుండా తిరుగుతుంది. ముందు ఆ సందులు మూయండి.

కరెంటు రేటు మెట్లుగా ఉంటుంది. కింది యూనిట్లకి తక్కువ, పైకి పోయేకొద్దీ ఎక్కువ. అందుకే సగటు రేటు కట్టి పంచితే ఏసీ లేని గది వాళ్ళు నష్టపోతారు. లెక్క తేలిగ్గా ఉండటానికి రెండే మెట్లు అనుకుందాం: మొదటి 150 యూనిట్లకి 4 రూపాయలు, ఆ పైన 8. అసలు మెట్లు మీ బిల్లు ప్రకారం వేసుకోండి. ఇంటి మొత్తం 390 యూనిట్లు, అందులో ఏసీవి 240. బిల్లు 600, 1,920 కలిపి 2,520. నాలుగుతో భాగిస్తే తలో 630, ఇది అన్యాయం. సగటు రేటుతో ఏసీకి సుమారు 1,550 వస్తుంది, ఇదీ తక్కువే. సరైన పద్ధతి తేడా పద్ధతి. ఏసీ లేకుండా ఎంత వచ్చేదో చూడాలి: 600. దాన్ని నలుగురూ తలో 150. మిగిలిన 1,920 ఏసీ గదిలో ఇద్దరిదీ, తలో 960. అంటే ఏసీ గదివాళ్ళకి 1,110 చొప్పున, మిగతా ఇద్దరికి 150 చొప్పున. మొత్తం 2,520.

ఏసీ యూనిట్లు తెలియాలంటే ఆ లైన్‌కి సబ్‌మీటర్ పెట్టించాలి. ఎలక్ట్రికల్ షాపులో దొరికే సింగిల్ ఫేజ్ మీటర్ చాలు, బిగించడానికి ఎలక్ట్రీషియన్నే పిలవాలి. డిపార్ట్‌మెంట్ మనిషి రీడింగ్ తీసిన రోజే సబ్‌మీటర్‌ని కూడా ఫొటో తీసుకోవాలి. నాలుగు రోజులు ఆలస్యమైతే ఆ 30 యూనిట్ల మీద వాదన నెల పొడుగునా ఉంటుంది. మే నెలలో ఏసీ గదిలో నలుగురూ పరుపులేసుకుని పడుకుంటే ఆ రాత్రులు నాలుగు వంతులు. ఈ మాట ముందే అనుకోవాలి.

హోటల్ బిల్లు, చదివింపులు

జగదాంబ సెంటర్ హోటల్లో తిన్నాక "నేనిస్తా, నేనిస్తా" అని చేతులు పట్టుకు లాగడం అందరికీ తెలుసు. ఎక్కువ ఒత్తిడి చేసేవాడు ఉదారుడు, మూడోసారికి ఊరుకున్నవాడు పిసినారి. తూర్పుగోదావరిలో మూడుసార్లు కాదనడం మర్యాద, ఇంకోచోట ఒకసారి అడిగి ఊరుకోవడమే మర్యాద. ఆ లెక్క అర్థంకాక పరువులు పోతాయి. చేయాల్సింది చిన్నదే. వరస. అక్షరాల క్రమంలో ఒకసారి ఒకరు. బీచ్‌లో మురీ మిక్చర్, టీ లాంటివాటికి ఒక వరస, 500 దాటిన బిల్లులకి ఇంకో వరస. రెండూ కలిపితే మిక్చర్ వంతు ఒకడికి, బిర్యానీ వంతు ఇంకొకడికి పడుతుంది.

పెళ్ళికి నలుగురూ కలిసి చదివించేటప్పుడు కవరులో తలా ఎంత అన్నది పైకి చెప్పించకూడదు. కనీసం ఇంత అని ఒక అంకె పెట్టండి, 116 అనుకోండి. పైన ఎవరికి తోచినంత వాళ్ళు మూసిన కవరులో ఇవ్వాలి. పోగుచేసేవాడు మొత్తం మాత్రమే చెప్పాలి. పెళ్ళింట్లో పుస్తకం పెట్టుక్కూర్చున్న పెద్దాయన పేరూ అంకే రాస్తాడు. రేపు మనింట్లో శుభకార్యమైతే వాళ్ళు ఆ పుస్తకం తిరగేసే వస్తారు. ఉదారంగా కనిపించే ఆ చదివింపు నిజానికి ఎంతో జాగ్రత్తగా నడిచే ఖాతా. చదివించినవాడి పెళ్ళి ఇంకా కాలేదంటే అతనికి రావాల్సింది ఉందన్నమాట.

మాట జారినప్పుడు

పుస్తకమున్నా నోరు ఊరుకోదు. "మీ వాళ్ళంతా ఇంతే" అన్న మాట వచ్చినప్పుడు తిరిగి వాళ్ళ జిల్లా ఎత్తకండి. "ఏ రోజు? ఎంత?" అని అడగండి. రెండు అంకెలు చెప్పగలిగితే అది ఫిర్యాదు, పుస్తకం తీసి చూడొచ్చు. చెప్పలేకపోతే మాట అక్కడే చల్లబడుతుంది. మీరే అనాల్సి వస్తే వస్తువు, కొలత, తారీఖు చెప్పండి: "14న రెండు లీటర్లు తెచ్చాను, నీ వంతు రాలేదు బావా." ఇందులో ఊరు లేదు.

సొంత ఊరి మీద జోకు సొంత మనిషి వేస్తే చెల్లుతుంది. బల్గేరియాలో గాబ్రోవో అనే పట్టణం ఉంది, పిసినారితనానికి పేరు. చలికాలంలో పిల్లి గుమ్మం దాటేటప్పుడు తలుపు త్వరగా మూసి వేడి మిగుల్చుకోవడానికి దాని తోక కత్తిరిస్తారని జోకు. వేసేది గాబ్రోవో వాళ్ళే. 1972లో అక్కడ హాస్యానికి ఒక మ్యూజియమే పెట్టుకున్నారు. ఆ జోకునే పక్క ఊరివాడు, డబ్బు బాకీ ఉన్న రోజున, అందరి ముందూ వేస్తే నవ్వు రాదు. ఇంట్లో నియమం ఇదే పెట్టుకోండి: ఎవడి ఊరి జోకు వాడిది. లెక్క తేలే రోజు అసలు వద్దు.

లెక్క తేల్చే రోజు

పన్నెండో తారీఖు పెట్టుకోండి, అప్పటికి అందరి జీతాలూ పడి ఉంటాయి. ఒకటిన తేల్చబోతే పదిన జీతం వచ్చేవాడు మళ్ళీ దొరికిపోతాడు.

పై లెక్కలోనే చూద్దాం. సరుకు కొన్న డబ్బు: అ 5,000, ఆ 3,600, ఇ 1,000, ఈ ఏమీ ఇవ్వలేదు. వాటాలు తీసేస్తే అ కి 1,880 రావాలి, ఆ కి 720 రావాలి. ఇ 1,400 ఇవ్వాలి, ఈ 1,200 ఇవ్వాలి. రావాల్సింది 2,600, ఇవ్వాల్సింది 2,600. ఎక్కువ ఇవ్వాల్సినవాడి నుంచి ఎక్కువ రావాల్సినవాడికి మొదలుపెట్టాలి: ఇ నుంచి అ కి 1,400, ఈ నుంచి అ కి 480, ఈ నుంచి ఆ కి 720. మూడు యూపీఐ లావాదేవీలతో అయిపోయింది. నలుగురున్న ఇంట్లో మూడుకి మించి పంపుతున్నారంటే లెక్క తప్పు వరసలో వేస్తున్నారు. అయ్యాక పేజీ కింద అడ్డగీత గీసి నలుగురూ సంతకం పెట్టాలి. పాత నెల బాకీ కొత్త పేజీలోకి మోయకూడదు. మోయక తప్పకపోతే మొదటి వరసలోనే, తీర్చే తారీఖుతో సహా.

ఒకరు ఖాళీ చేసేటప్పుడు

అడ్వాన్స్ వాటా, ముందు జమ, సబ్‌మీటర్‌లో వంతు, డ్రమ్ము. ఇవి అందరికీ గుర్తుంటాయి. గ్యాస్ గుర్తుండదు. సిలిండర్ పైభాగంలో పిడి దగ్గర ఖాళీ బరువు ముద్రించి ఉంటుంది. నిండుగా ఉన్నప్పుడు లోపల 14.2 కిలోల గ్యాస్. కింది కిరాణా కొట్టు కాటా మీద పెట్టి తూచండి. కాటా 21.8 చూపి, పైన 15.6 అని ఉంటే లోపల 6.2 కిలోలు మిగిలింది. సిలిండర్ 900 పెట్టి కొన్నారనుకుంటే మిగిలిన గ్యాస్ విలువ దాదాపు 393, వెళ్ళేవాడి నాలుగో వంతు 98. బస్సెక్కే ముందు ఫోన్‌లో పంపేయండి. "98కి కూడా లెక్కేంటండీ" అంటాడు, కాకినాడ వాడైతే మూడుసార్లు అంటాడు. పుస్తకంలో వేసి, సంతకం పెట్టించుకునే పంపండి.